మునిగిన దీవి మీద పంచాయితీ

(కాకినాడలో న్యాయశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన అబ్బాయి అంతర్జాతీయ న్యాయ నిపుణుడు అనేశాడు. నేను ముప్పయ్యేళ్లు లా కాలేజీలో పాఠం చెప్పుకున్న మనిషిని. హేగ్ వెళ్లింది ఒక్కసారి, అదీ మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు టూరిస్టుగా. పీస్ ప్యాలెస్ గేటు బయట నిలబడి ఫోటో దిగి వచ్చాను. లోపలికి వెళ్లాలంటే ముందే బుక్ చేసుకోవాలని నాకు తెలియదు. (నవ్వులు)

నాకిచ్చిన టాపిక్ చాలా పెద్దది. దేశాల మధ్య తగాదాలు తీర్చడంలో అంతర్జాతీయ కోర్టుల పాత్ర. దీని మీద సాధారణంగా రెండు రకాల ఉపన్యాసాలు వినిపిస్తాయి. ఒకరు ఐక్యరాజ్యసమితి చార్టర్ తీసి ఆర్టికల్ నంబర్లు అప్పజెబుతారు. ఇంకొకరు ఇదంతా పెద్ద దేశాల నాటకం అని తేల్చేస్తారు. రెండూ మీరు వినే ఉంటారు కాబట్టి నేను ఒక కేసు చెబుతాను. అది జరిగింది మన బంగాళాఖాతంలోనే. ఇక్కణ్ణుంచి ఆటో ఎక్కితే బీచ్ దగ్గర కనిపించే ఈ నీళ్లకే ఉత్తరపు కొసన.

దానికన్నా ముందు మా ఇంటి తగాదా ఒకటి చెప్పాలి. మా తాతగారికీ ఆయన తమ్ముడికీ గట్టు పేచీ ఉండేది. రెండు సెంట్లు. ఆ రెండు సెంట్ల కోసం ఇరవయ్యేళ్లు ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. చివరికి సర్వేయరుని పిలిపించారు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆయన గొలుసు పట్టుకుని వచ్చి ముందు హద్దు రాయి ఎక్కడుందో వెతికాడు. తుంగ గడ్డి చెక్కి చూస్తే రాయి దొరికింది గానీ, అది జరిపిన రాయి అని చిన్న తాతగారు, కాదని మా తాతగారు. మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడాయన ఆ రాయి వదిలేసి మూడు పొలాల అవతలి రాయి నుంచి కొలుచుకుంటూ వచ్చి ఓ చోట కర్ర పాతాడు. సెంటున్నర చిన్న తాతగారి వైపు పోయింది. మా నాన్నమ్మ లబలబలాడింది. మా తాతగారు మాత్రం సాయంత్రం చుట్ట కాల్చుకుంటూ, "వాడడిగితే చచ్చినా ఇచ్చేవాణ్ణి కాదు, సర్వేయరు చెప్పాడు కాబట్టి ఇచ్చాను" అన్నారు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇక కేసు. 1970 నవంబరులో భోలా తుఫాను వచ్చింది. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో లక్షల మంది చనిపోయారు. ఆ తర్వాత కొంతకాలానికి, సుందర్‌బన్స్ దగ్గర హరిభంగా నది సముద్రంలో కలిసే చోట ఒక ఇసుక మేట ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది. నీటి మీదికి రెండు మీటర్లు కూడా లేని మేట. మనుషులు లేరు, తాగునీరు లేదు. మనవాళ్లు దానికి న్యూమూర్ అని పేరు పెట్టారు, బెంగాల్‌లో పూర్బాశా అన్నారు. అవతలివాళ్లు దక్షిణ తల్పట్టి అన్నారు. 1981లో మన నౌకాదళం వెళ్లి జెండా పాతింది. బంగ్లాదేశ్ గన్‌బోట్లు వచ్చాయి. ఢాకాలో ఊరేగింపులు, ఢిల్లీలో పార్లమెంటు ప్రశ్నలు.

ఇసుక మేట కోసం ఇంత రభస ఎందుకంటే, సముద్రంలో హద్దు గీయాలంటే ఒడ్డు మీద ఎక్కడో ఓ రాయి నుంచి గొలుసు లాగాలి. ఆ మేట మీకు రాయి అయితే గీత మీకు అనుకూలంగా జరుగుతుంది. కింద గ్యాస్ ఉందో లేదో ఎవరికీ తెలియదు, కానీ ఉండొచ్చన్న ఆశ ఉంది. సముద్రం అడుగున గ్యాస్ పడితే ఏమవుతుందో కాకినాడ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కేజీ బేసిన్ మీ వాకిట్లోనే ఉంది.

1974లో చర్చలు మొదలయ్యాయి. ముప్పై అయిదేళ్లు గడిచినా గీత పడలేదు. ఇక్కడ రెండు ప్రభుత్వాల్నీ తిట్టడం తేలికే. కానీ ఢిల్లీలో ఏ ప్రభుత్వమైనా చర్చల బల్ల మీద కొంత సముద్రం వదిలేసిందనుకోండి, మర్నాడు పేపర్లో ఏం రాస్తారు? దేశాన్ని అమ్మేశారని రాస్తారు. ఢాకాలోనూ అంతే. రెండు పక్కలా న్యాయం ఎంతో కొంత తెలిసినవాళ్లు ఉన్నారు, కానీ సంతకం పెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

మధ్యలో మయన్మార్ తోడైంది. 2008 నవంబరులో ఒక కొరియా కంపెనీ మయన్మార్ తరఫున వివాదంలో ఉన్న నీళ్లలో అన్వేషణకి దిగితే, వెంట ఆ దేశపు యుద్ధ నౌకలు వచ్చాయి. బంగ్లాదేశ్ తన నౌకల్ని పంపింది. కాల్పుల దాకా పోలేదు, అదృష్టం. మర్నాటి ఏడాది, 2009 అక్టోబరు 8న, బంగ్లాదేశ్ ఒకే రోజున రెండు దేశాలకీ నోటీసు ఇచ్చింది: మీ ఇద్దరితో ఇక మాటలు కుదరవు, మధ్యవర్తుల ముందు తేల్చుకుందాం రండి అని.

అంత చిన్న దేశం నోటీసిస్తే ఇండియా ఎందుకు వెళ్లాలి? మీ క్లాసులో మొదటి పాఠం ఏమిటి, దేశాల మీద కోర్టుకి అధికారం లేదు, ఆ దేశం ఒప్పుకుంటే తప్ప. మరి మనం ఎప్పుడు ఒప్పుకున్నాం? 1995లో. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందాన్ని ఆ ఏడాది మనం ఆమోదించాం. అందులో ఒక మెలిక ఉంది. హద్దుల విషయంలో మాట కుదరకపోతే ఎవరైనా ఒకరు రెండోవాళ్లని మధ్యవర్తిత్వానికి లాగొచ్చు. ఇష్టం లేనివాళ్లు ముందే రాసిచ్చి హద్దుల తగాదాల నుంచి తప్పుకోవచ్చు. చైనా 2006లో అలా రాసిచ్చింది. మనం రాసివ్వలేదు. కాబట్టి కోర్టు మెట్లెక్కడం అనేది 2009లో తీసుకున్న నిర్ణయం అనుకోకండి. పద్నాలుగేళ్ల కిందట ఎవరికీ పట్టని ఒక సంతకంతోనే అది అయిపోయింది.

ఇక్కడ మన రాష్ట్రాల సంగతి గుర్తు చేసుకోవాలి. కృష్ణా నీళ్ల కోసం మనకి బచావత్ ట్రిబ్యునల్, తర్వాత బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్. తీర్పు నచ్చకపోయినా మేం రాము అనే వీలు ఆంధ్రాకీ లేదు, తెలంగాణకీ లేదు, కర్ణాటకకీ లేదు. పైన ఒక రాజ్యాంగం ఉంది, సుప్రీంకోర్టు ఉంది. దేశాల పైన అలాంటి కప్పు లేదు. ఆరుబయట పంచాయితీ అది.

మయన్మార్ కేసు జర్మనీలో హాంబర్గ్‌లో ఉన్న సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌కి పోయింది, 2012 మార్చి 14న తీర్పొచ్చింది. మన కేసు హేగ్‌లోని పర్మనెంట్ కోర్ట్ ఆఫ్ ఆర్బిట్రేషన్ ఆధ్వర్యంలో నడిచింది. 1899లో పుట్టిన సంస్థ. అది పర్మనెంటూ కాదు, కోర్టూ కాదు అని లాయర్లు జోకేస్తారు. నిజమే, కేసు వచ్చినప్పుడు మధ్యవర్తుల్ని కూర్చోబెట్టి, గుమస్తా పనులు చూసిపెట్టే ఆఫీసు అది. పదిహేను మంది జడ్జీలు, ఒక్కొక్కరికి తొమ్మిదేళ్ల పదవి అని మీరు చదువుకునే అంతర్జాతీయ న్యాయస్థానం వేరు. రెండూ ఒకే భవనంలో ఉండటం వల్ల మన టీవీ యాంకర్లు కలిపేస్తుంటారు. పరీక్షలో మీరు మాత్రం కలపకండి.

అయిదుగురు మధ్యవర్తులు. అధ్యక్షుడు జర్మనీకి చెందిన రూడిగర్ వోల్ఫ్రమ్. భారత్ తరఫున నియమించింది ఎవరినంటే, మన తెలుగాయన్నే, డాక్టర్ పెమ్మరాజు శ్రీనివాసరావు గారిని. విదేశాంగ శాఖకి చాలా ఏళ్లు న్యాయ సలహాదారుగా చేసినవారు. మలేషియా, సింగపూర్‌ల మధ్య పెద్రా బ్రాంకా దీవి కేసులో సింగపూర్ ఏరి కోరి తన తాత్కాలిక జడ్జిగా ఈయన్ని పెట్టుకుంది. మన సినిమా వాళ్ల పుట్టినరోజులన్నీ తెలిసిన మనకి ఈ పేరు తెలియకపోవడం నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

2013 అక్టోబరులో ఆ మధ్యవర్తులు హరిభంగా నది మొగ దాకా స్వయంగా వచ్చి చూశారు. సర్వేయరు పొలానికి వచ్చినట్టే. అయితే వాళ్లొచ్చే సరికి రాయి లేదు! న్యూమూర్ దీవి మునిగిపోయింది. నీటి మీద అది ఇక కనబడడం లేదని జాదవ్‌పూర్ యూనివర్సిటీ సముద్ర పరిశోధకులు 2010లోనే చెప్పారు. యుద్ధ నౌకలు వెళ్లి జెండా పాతిన చోట అలలు తప్ప ఏమీ లేవు. అయినా మన లాయర్లు దాన్నొక కొలత బిందువుగా లెక్కలోకి తీసుకోమన్నారు. ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు.

ఇంకో రాయి కూడా జరిగిన రాయే. 1947లో రాడ్‌క్లిఫ్ గీసిన గీత నది ప్రధాన పాయ మధ్యలోంచి పోతుంది. ఆ నదులు ఏటా ఒడ్డు కోసుకుంటూ పాయలు మార్చుకుంటాయి. మరి ఏనాటి పాయ? అరవై ఆరేళ్ల నాటి మ్యాపులు తిరగేసి, 1947లో పాయ ఎక్కడుందో ట్రిబ్యునల్ నిర్ణయించింది. ఆ గీత లాగేసరికి దీవి ఉండిన చోటు మన వైపు పడింది. అంటే నలభై ఏళ్లు పోట్లాడుకున్న దీవి కేసు మనం గెలిచాం, దీవి మాత్రం లేదు. (నవ్వులు)

అసలు దెబ్బ దూరాన, లోతు నీళ్లలో తగిలింది. మనం అడిగింది సమాన దూరపు గీత. రెండు ఒడ్లకీ సమాన దూరంలో చుక్కలు పెట్టుకుంటూ పొమ్మన్నాం. వినడానికి ఇంతకన్నా న్యాయం ఉండదు. కానీ బంగ్లాదేశ్ ఒడ్డు కొడవలి వంపులో లోపలికి ఉంది. ఒక పక్క మనం, ఇంకో పక్క మయన్మార్. ఇద్దరి గీతలూ కొడవలి రెండు కొసల నుంచి లోపలికి వాలతాయి. మన వాస్తు వాళ్లు సింహముఖం అంటారు చూడండి, ముందు వెడల్పు, వెనక ఇరుకు ఉన్న స్థలం. బంగ్లాదేశ్‌కి అచ్చం అలాంటి స్థలం వస్తుంది. ఒడ్డు దగ్గర బోలెడంత సముద్రం, పోయేకొద్దీ ఇరుకై, చివరికి కొసదేలి మూసుకుపోతుంది. 1969లో జర్మనీకి ఉత్తర సముద్రంలో ఇదే కష్టం వచ్చింది, ఇలాంటి వంపున్న చోట సమాన దూరం తప్పనిసరి కాదని అంతర్జాతీయ న్యాయస్థానం అప్పుడే చెప్పింది. ఢాకా లాయర్లు అది గట్టిగా పట్టుకున్నారు. తమ తీరం ఎప్పటికప్పుడు మారుతుంది, సముద్రమట్టం పెరుగుతోంది, అదీ చూడండి అన్నారు. అది మాత్రం చెల్లలేదు. ఇవాళ ఉన్న ఒడ్డునే చూస్తాం, రేపటి ఒడ్డు చూస్తూ కూర్చుంటే ప్రపంచంలో ఏ హద్దూ నిలవదు అన్నారు మధ్యవర్తులు.

2014 జులై 7న తీర్పు. ఉత్తరం నుంచి కొలిస్తే 177 డిగ్రీల 30 నిమిషాల కోణంలో గీత. బంగ్లాదేశ్ అడిగింది 180, అంటే నిట్టనిలువుగా దక్షిణానికి. దాదాపు వాళ్లు అడిగిందే వచ్చింది. ఇద్దరూ నాదంటే నాదన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్లకి పోయింది. నాలుగింట మూడు వంతుల పైమాట. అయిదుగురిలో నలుగురు ఒక పక్క, శ్రీనివాసరావు గారు ఒక్కరూ ఒక పక్క. ఇంత వంపు తిప్పడానికి ఆధారం చాలదని విడిగా రాశారు. చాలా విషయాల్లో మిగతావారితో కలిసి, దీంట్లో మాత్రం విభేదించారు. ఇండియా పెట్టిన మనిషి కాబట్టి అలా రాశారని కొందరు అంటారు. ఆ అసమ్మతి చదివి చూడండి, తర్వాత మాట్లాడదాం.

ఒక చిత్రమైన ముక్క మిగిలింది. గీతకి అటు పక్క, బంగ్లాదేశ్ ఒడ్డు నుంచి 200 నాటికల్ మైళ్లు దాటినది, మన ఒడ్డు నుంచి మాత్రం 200 లోపల ఉన్నది. అక్కడ అడుగు నేల బంగ్లాదేశ్‌ది, పైన నీళ్లు మనవి. గ్యాస్ తవ్వితే వాళ్లు, చేప పడితే మనం. వినగానే తికమకగా ఉంటుంది గానీ మన ఊళ్లలో ఇది పాత విషయమే. చెరువు గర్భం ప్రభుత్వానిది, చేపల హక్కు మత్స్యకారుల సొసైటీది.

తీర్పు వచ్చేనాటికి ఢిల్లీలో కొత్త ప్రభుత్వానికి ఇంకా రెండు నెలలు నిండలేదు. తీర్పుని గౌరవిస్తున్నాం అంది. బంగ్లాదేశ్ విదేశాంగ మంత్రి ఇది రెండు దేశాల గెలుపు అన్నారు. గెలిచినాయన అలాగే అనాలి, మర్యాద. మన దగ్గర పెద్దగా గొడవేం జరగలేదు, రెండో రోజుకి పేపర్లలో లోపలి పేజీకి వెళ్లిపోయింది. అదే 19 వేల చదరపు కిలోమీటర్లు ఏ మంత్రో చర్చల్లో రాసిచ్చి ఉంటే? మా తాతగారి మాట అక్కడ పనిచేసింది. వాడడిగితే ఇవ్వం, సర్వేయరు చెబితే ఇస్తాం. అంతర్జాతీయ కోర్టులు చేసే పనుల్లో అతి పెద్దది నా దృష్టిలో ఇదే. ప్రభుత్వాలు తమంతట తాము వదలలేని వాటిని పరువు పోకుండా వదిలించుకునే దారి చూపిస్తాయి. వాటికి పోలీసుల్లేరు, అమీనాల్లేరు, జప్తుల్లేవు.

దాంతో అన్నీ సర్దుకున్నాయని కాదు. మన బేస్‌లైన్ పాయింట్ల మీద, అంటే సముద్రాన్ని కొలవడానికి ఒడ్డున మనం పెట్టుకున్న చుక్కల మీద, బంగ్లాదేశ్ 2021లో మళ్లీ ఐక్యరాజ్యసమితికి అభ్యంతరం రాసింది. గ్యాస్ కోసం 2024లో సముద్ర బ్లాకులకి టెండర్లు పిలిస్తే ఒక్క కంపెనీ కూడా బిడ్ వేయలేదు. కానీ గన్‌బోట్లు ఎదురెదురుగా నిలబడే రోజులు మాత్రం పోయాయి.

పరువు దారి అక్కర్లేదనుకున్నవాళ్లు ఏం చేస్తారో కూడా చూడాలి. 2016 జులై 12న దక్షిణ చైనా సముద్రం కేసులో ఫిలిప్పీన్స్ గెలిచింది. హద్దుల తగాదాలకి దూరమని ముందే రాసిచ్చినా, చైనా గీసుకున్న తొమ్మిది ముక్కల గీతకి చట్టంలో ఆధారం ఉందా లేదా అన్న ప్రశ్న నుంచి తప్పించుకోలేకపోయింది. ఆ దేశపు పెద్ద నాయకుడొకాయన తీర్పు రావడానికి వారం ముందే అది చిత్తుకాగితం అనేశారు. పరీక్ష రాయకముందే పేపర్ తప్పు అన్నట్టు. 1986లో నికరాగువా తన మీద వేసిన కేసు ఓడిపోయి అమెరికా చేసింది కూడా అంతకన్నా గొప్పగా ఏం లేదు, తీర్పుని లెక్కచేయలేదు.

మనమేమైనా తక్కువ తిన్నామా? 1999 ఆగస్టులో కచ్ దగ్గర మనవాళ్లు పాకిస్తాన్ నౌకాదళ విమానం అట్లాంటిక్‌ని కూల్చారు, పదహారు మంది పోయారు. పాకిస్తాన్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తే, కామన్‌వెల్త్ దేశాల మధ్య తగాదాల్లో మీకు అధికారం ఇవ్వలేదు అని మనం వాదించి 2000లో కేసు కొట్టేయించాం. 2017లో, గూఢచారి అంటూ పాకిస్తాన్ ఉరిశిక్ష వేసిన కుల్‌భూషణ్ జాదవ్ కోసం అదే గుమ్మం మనమే ఎక్కాం, వేరే ఒప్పందం పట్టుకుని. 2019 జులై 17న 15-1తో గెలిచాం. ఆయన ఇంకా పాకిస్తాన్ జైల్లోనే ఉన్నారు, ఉరి మాత్రం ఆగింది. పాకిస్తాన్‌తో కిషన్‌గంగా జలవిద్యుత్ ప్రాజెక్టు కేసులో 2013 తీర్పుని అమలు చేసిన మనమే, 2025 జూన్‌లో సింధు నదుల మధ్యవర్తిత్వ కోర్టుని అసలు గుర్తించం అన్నాం. కారణాలు ఉన్నాయి, వాటిని సమర్థించేవాళ్లూ ఈ హాల్లో ఉంటారు. చైనాని తిట్టేటప్పుడు ఇవి కూడా మనసులో పెట్టుకుని తిట్టమంటాను, అంతే.

కేరళ కేసు ఒక్క నిమిషం. 2012 ఫిబ్రవరి 15న ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ట్యాంకర్ మీది మెరైన్లు, అంటే ఆ దేశపు నౌకాదళ సైనికులు, కాల్చిన తూటాలకి ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. ఆ తగాదా కూడా మధ్యవర్తుల ట్రిబ్యునల్‌కే పోయింది. అందులో మన తరఫున మొదట కూర్చున్నది మరో తెలుగు న్యాయవేత్త, హాంబర్గ్ ట్రిబ్యునల్‌కి అధ్యక్షుడిగా కూడా చేసిన పి. చంద్రశేఖరరావు గారు. 2018లో ఆయన కన్నుమూస్తే ఆ కుర్చీలోకి శ్రీనివాసరావు గారు వచ్చారు. 2020లో 3-2తో తీర్పు: ఆ మెరైన్లు ఇటలీ ప్రభుత్వ పనిమీద ఉన్నవాళ్లు, ఇండియా విచారించరాదు, నష్టపరిహారం మాత్రం ఇటలీ ఇవ్వాలి. పది కోట్లు కట్టారు. రెండు కుటుంబాలకి చెరి నాలుగు కోట్లు, పడవ యజమానికి రెండు. 2021లో సుప్రీంకోర్టు కేసు మూసేసింది. చంపినవాళ్లని మన గడ్డ మీద బోనులో చూడాలనుకున్నవాళ్లకి ఆ పది కోట్లు ఏం సమాధానం చెబుతాయి? నా దగ్గర జవాబు లేదు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనక అమ్మాయి... కొంచెం గట్టిగా, తల్లీ. మైక్ ఇవ్వండి.

(ప్రశ్న: మా నాన్నగారు బోటు మీద వేటకి వెళ్తారండి. ఈ గీతలు సముద్రంలో వాళ్లకి ఎలా తెలుస్తాయి?)

మంచి ప్రశ్న. జీపీఎస్ ఉంటే స్క్రీన్ మీద తెలుస్తుంది, గీత అంటూ ఉంటే. లేని చోట సంగతి చెబుతాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి చాలామంది గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద జీతానికి పనిచేస్తారు. అలా వెళ్లినవాళ్లని 2018 చివర్లో పాకిస్తాన్ పట్టుకుపోయింది. ఆ పక్క సర్ క్రీక్ అని ఒక పాయ ఉంది, దాని హద్దు ఇప్పటికీ తేలలేదు. ఆ పైన ఉన్న రాన్ ఆఫ్ కచ్ తగాదా 1968లో ఒక ట్రిబ్యునల్ తేల్చింది. అడిగినదాంట్లో పదో వంతు పాకిస్తాన్‌కి పోయింది. దాని మీద మన పార్లమెంటులో పెద్ద రభస, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆ అనుభవం తర్వాత పాకిస్తాన్‌తో ఏ హద్దునీ మూడోవాడి చేతిలో పెట్టకూడదని ఢిల్లీ గట్టిగా అనుకుంది. సర్ క్రీక్ చర్చల్లోనే ఉండిపోయింది. అది తేలకపోతే అక్కణ్ణుంచి సముద్రంలోకి పోయే గీత కూడా తేలదు. మనవాళ్లు ఇరవై మంది పద్నాలుగు నెలలు కరాచీ జైల్లో ఉండి 2020 జనవరిలో వాఘా దగ్గర ఇవతలికి వచ్చారు. వాళ్ల మీద కేసు, గీత దాటారని. ఆ గీత ఇండియా మ్యాపులో ఒకచోట ఉంటుంది, పాకిస్తాన్ మ్యాపులో ఇంకోచోట. మీ నాన్నగారు ఎటు వెళ్తారమ్మా, ఇక్కడే కదా? సరే. ఇంకెవరన్నా?